పడే తిండి, పడని తిండి

తిండి పడకపోవడం గురించి బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము. అడిగిన తీరు వేరువేరుగా ఉన్నా అన్నిటి వెనుకా ఉన్న సంగతి ఒకటే కనుక మొదటి జవాబు కాస్త పెద్దదైంది. తక్కినవాటిని దానితో కలిపి చదువుకోవలసిందిగా మనవి. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుణ్ణి. పరాయి ప్రోటీను ఒంట్లో ప్రవేశిస్తే రోగనిరోధక వ్యవస్థ ఊరుకోదని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పాను. మరి పూటపూటా మనం తినే పప్పు, పెరుగు, గుడ్డు కూడా పరాయివే కదా అని మా మనవడు అడిగాడు. అవి కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి గనుక పేచీ ఉండదని చెప్పాను. ఆ జవాబు సరిపోతుందా? (మల్లేశ్వరం)

జవాబు: మీ జవాబులో సగం నిజముంది మాస్టారూ. జీర్ణాశయంలోని ఆమ్లమూ, క్లోమం నుంచి వచ్చే ఎంజైములూ తిన్న ప్రోటీనులో చాలా భాగాన్ని ముక్కలు చేస్తాయి. కానీ కొద్దిపాటి ప్రోటీను చెక్కుచెదరకుండానే పేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది. ఈ సంగతి బయటపడి సుమారు వందేళ్లయింది. 1921లో జర్మనీలో కార్ల్ ప్రౌస్నిట్స్, హైంజ్ క్యూస్ట్నర్ అనే వైద్యులు ఒక ప్రయోగం చేశారు. క్యూస్ట్నర్‌కు చేప పడదు. ఆయన రక్తరసాన్ని ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకుని, ఆ తర్వాత అదే చోట చేపసారం ఎక్కించుకుంటే అక్కడ దద్దురు లేచింది. (ఒకరి రక్తరసం మరొకరికి ఇలా ఎక్కించడానికి ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.) తర్వాతి కొన్నేళ్లలో న్యూయార్క్‌లో వాల్జర్ అనే వైద్యుడు ఈ పద్ధతిని మరోవైపు నుంచి వాడుకున్నాడు. చేప బాగా పడే ఆరోగ్యవంతుల చర్మం మీద ఇలాంటి రక్తరసంతో ఒక చోటు సిద్ధం చేసి, పరగడుపున వారి చేత చేప తినిపించాడు. చాలామందిలో ఆ చోటు దురదపెట్టి ఉబ్బింది. అంటే తిన్న చేప ప్రోటీను, దానిని గుర్తుపట్టగల రూపంలోనే, పేగు నుంచి చర్మం దాకా చేరిందన్నమాట.

కాబట్టి పరాయి ప్రోటీను లోపలికి వస్తూనే ఉంటుంది, రోగనిరోధక వ్యవస్థ దాన్ని చూస్తూనే ఉంటుంది. చూసి కూడా ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం చేతకానితనం కాదు, నేర్చుకున్న విద్య. 1911లోనే అమెరికాలో హెచ్.జి. వెల్స్ అనే శాస్త్రవేత్త గినీ పందుల మీద ఇది చూపించాడు. గుడ్డు తెల్లసొనలోని ప్రోటీనును సూదితో ఎక్కించి, కొన్నాళ్ల తర్వాత మళ్లీ ఎక్కిస్తే ఆ జంతువులు అనాఫిలాక్సిస్ అనే తీవ్ర ప్రతిచర్యతో చనిపోతాయి. ముందుగా ఆ ప్రోటీనును మేతలో తిన్న జంతువులకు మాత్రం ఏమీ కాలేదు. అందులో మరో విశేషం, ఏది తిన్నాయో దానికే ఈ ఓర్పు పరిమితం. 1970లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో ఈ ఓర్పును ఒక ఎలుక నుంచి తీసిన కణాలతో మరో ఎలుకకు అందించగలిగారు. ఊరుకోవడమంటే కేవలం పని మానేయడమే అయితే అలా అందించడం కుదరదు. ఎవరో పనిగట్టుకుని ఊరుకోబెడుతున్నారని అప్పుడే తేలింది.

ఆ పని ఎలా జరుగుతుందో చిన్నపేగులో దగ్గరగా చూద్దాం. పేగు లోపలి పూత ఒకే ఒక్క కణం మందం. ఆ కణాలు కూడా మూడు నుంచి ఐదు రోజులలో రాలిపోయి కొత్తవి వస్తాయి. ఈ వరుసలో జిగురు స్రవించే గోబ్లెట్ కణాలున్నాయి. తిండిలో కరిగి ఉన్న ప్రోటీను వీటిగుండా కూడా లోపలికి జారుతుంది. పూతకు అడుగున కాచుకుని ఉండే డెండ్రైటిక్ కణాలు దానిని అందుకుని, లింఫు నాళాల వెంట, పేగును పట్టి ఉంచే పొరలో ఉన్న లింఫు గ్రంథులకు మోసుకుపోతాయి. అక్కడ ఇంకా ఏ పనికీ కుదురుకోని టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక రకం తెల్లకణాలు) ఉంటాయి. పేగు నుంచి వచ్చిన ఈ డెండ్రైటిక్ కణాలకు ఒక ప్రత్యేకత ఉంది. మనం తిన్న విటమిన్-ఎను ఇవి రెటినోయిక్ ఆమ్లంగా మార్చగలవు. ఆ ఆమ్లమూ, టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీనూ కలిసి పనిచేసినప్పుడు, దాడికి దిగవలసిన టీ కణం, తక్కిన కణాలను ఊరుకోబెట్టే నియంత్రక టీ కణంగా మారుతుంది. దానితోపాటు తిరిగి పేగుకే వెళ్లాలన్న చిరునామా కూడా ఆ కణం పైపొర మీద ఏర్పడుతుంది. పేగుకు చేరాక అక్కడి మాక్రోఫేజులు (క్రిములను, చెత్తను మింగే కణాలు) ఐఎల్-10 అనే సంకేతంతో వాటి సంఖ్యను పెంచుతాయి. ఎలుకలలో ఈ లింఫు గ్రంథులను తీసేసినా, నియంత్రక కణాలు పేగుకు తిరిగి రాకుండా అడ్డుకున్నా ఓర్పు కుదరలేదు కనుక ఈ రాకపోకలు అనవసరపు తిరుగుడు కావు. ఒకేసారి పెద్ద మోతాదులో తిన్నప్పుడు టీ కణాలు చచ్చిపోవడమో, మొద్దుబారడమో జరిగే మరో మార్గం కూడా ఉంది గానీ, రోజువారీ భోజనానికి మొదటిదే ముఖ్యం.

ఈ నియంత్రక కణాలను గుర్తించినందుకే 2025 వైద్య నోబెల్ బహుమతి షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు దక్కింది. సకగుచి 1995లో ఈ కణాలను వేరుచేసి చూపగా, 2001లో తక్కిన ఇద్దరూ ఫాక్స్‌పీ3 అనే జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువు చెడిన మగశిశువులకు పుట్టిన కొద్దికాలానికే విడవని విరేచనాలు, మధుమేహం, ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) మొదలవుతాయి. చాలామందికి తిండి అలర్జీలూ తోడవుతాయి. ఊరుకోబెట్టే కణాలు లేని ఒళ్లు ఎలా ఉంటుందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మీ మనవడు ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, అలాగైతే కలరా క్రిమిని కూడా పేగు ఎందుకు ఓర్చుకోదని అడగవచ్చు. క్రిమి వెంట ప్రమాద సంకేతాలు వస్తాయి. పప్పు వెంట రావు. ప్రయోగశాలలో ఎలుకకు కావాలని తిండి అలర్జీ తెప్పించాలంటే ఆ తిండిలో కలరా విషాన్ని కలిపి పెట్టడం పరిపాటి. ప్రోటీను మారలేదు, వెంట వచ్చినది మారింది.

ప్రశ్న: మా పాపకు ఈ నెలలోనే అన్నప్రాశన. పల్లీలు, గుడ్డు మూడేళ్లు నిండేదాకా ముట్టించవద్దని మా అత్తగారు అంటున్నారు. పిల్లల డాక్టరుగారేమో ఇప్పటినుంచే మొదలుపెట్టమన్నారు. పాపకు బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉంది. ఎవరి మాట వినాలి? (మారతహళ్లి)

జవాబు: డాక్టరుగారి మాట వినండి. అయితే మీ అత్తగారిని చాదస్తమని తీసిపారేయవద్దు. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లదాకా పల్లీలు పెట్టవద్దని 2000లో సలహా ఇచ్చింది సాక్షాత్తూ అమెరికా శిశువైద్యుల అకాడమీ. దానికి తగిన ఆధారం లేదని 2008లో వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ఆ మాట సముద్రాలు దాటి మన ఇళ్లలో స్థిరపడింది. నిపుణులు మాట మార్చుకున్న సంగతి మాత్రం అంత వేగంగా ప్రయాణించలేదు.

మాట మారడానికి కారణం ఇది. బ్రిటన్‌లోని యూదు పిల్లలలో 1.85 శాతం మందికి పల్లీ అలర్జీ ఉండగా, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలలో అది 0.17 శాతమేనని 2008లో తేలింది. ఇజ్రాయెల్‌లో పాకే వయసు పిల్లల చేతిలో కూడా బాంబా అనే పల్లీ చిరుతిండి ఉంటుంది. బ్రిటన్‌లో ఆ వయసుకు పల్లీ రుచే తెలియదు. ఇది నిజంగా తిండి వల్లనేనా అని పరీక్షించడానికి లండన్‌లో గిడియన్ లాక్ బృందం, తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది శిశువులను రెండు జట్లుగా చేసింది. వారి వయసు 4 నుంచి 11 నెలలు. ఒక జట్టు వారం వారం పల్లీలు తిన్నది, రెండో జట్టు ఐదేళ్లదాకా ముట్టలేదు. 2015లో ఫలితాలు వచ్చాయి. మొదట చర్మపరీక్షలో ఏమీ కనిపించని పిల్లలను తీసుకుంటే, ముట్టనివారిలో 13.7 శాతం మందికి, తిన్నవారిలో 1.9 శాతం మందికి అలర్జీ వచ్చింది. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడి కొద్దికొద్దిగా పెట్టి చూసినప్పుడు కూడా అలర్జీ 38 శాతం నుంచి 8 శాతానికి దిగింది.

మీరు ఎగ్జిమా సంగతి రాయడం మంచిదైంది, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. పొడిబారి పగిలిన చర్మం గుండా కూడా తిండి ప్రోటీను లోపలికి పోగలదు. వీధి గుమ్మంలోంచి వచ్చినవాడు చుట్టం, గోడ దూకి వచ్చినవాడు దొంగ అన్నట్టే, అదే పల్లీ ప్రోటీను పేగు దారిన వస్తే ఓర్పు, చర్మం దారిన వస్తే అలర్జీ పుట్టే అవకాశం ఎక్కువ. పల్లీనూనె కలిసిన పూతమందులను దద్దు మీద రాసిన పసివాళ్లలో పల్లీ అలర్జీ ఎక్కువగా ఉందని ఇదే లాక్ బృందం 2003లో గమనించింది. అందుచేత నా సలహా ఒకటుంది. శనగపిండి, పెసరపిండి, పాలమీగడ కలిపి నలుగు పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీయే అయినా, ఎగ్జిమా తగ్గేదాకా పాపకు అది ఆపండి. నలుగు మీద ప్రత్యేకంగా జరిగిన పరిశోధనను బట్టి కాదు, పైన చెప్పిన తర్కాన్ని బట్టి ఈ మాట అంటున్నాను. డాక్టరు ఇచ్చిన తేమ పూత రాసి చర్మాన్ని బాగుచేయడం కూడా అలర్జీ నివారణలో భాగమే.

పెట్టే విధానం డాక్టరుగారిని అడిగి ఖాయం చేసుకోండి. ఎగ్జిమా తీవ్రంగా ఉంటే ముందు చర్మపరీక్ష చేసి, మొదటి ముద్ద ఆస్పత్రిలోనే తినిపించమనవచ్చు. అంత తీవ్రత లేకపోతే, వేయించిన పల్లీలను మెత్తగా నూరి, రాగి జావలోనో ఉగ్గులోనో పలుచగా కలిపి, పాప హుషారుగా ఉన్న పగటిపూట చెంచా కొసతో నాకించి కాసేపు చూడండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, గురక లాంటి శ్వాస కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ఏమీ లేకపోతే మోతాదు మెల్లగా పెంచి, వారానికి రెండు మూడుసార్లు తప్పకుండా పెడుతూ ఉండాలి. ఒకసారి రుచి చూపించి నెలల తరబడి మానేస్తే ఉపయోగం లేదు. గుడ్డు మాత్రం గట్టిగా ఉడికినదే పెట్టండి. పల్లీ గింజలను గింజలుగా ఎప్పుడూ ఇవ్వకండి. బసవనగుడిలో కార్తీకమాసపు కడలెకాయి పరిషెకు (పల్లీల జాతరకు) పాపను ఎత్తుకుని వెళ్లినప్పుడు ఎవరో ముద్దుగా నోట్లో పెట్టబోయే పల్లీ గింజ, అలర్జీ కంటే ముందు గొంతుకు అడ్డం పడుతుంది.

ప్రశ్న: ఆఫీసులో జరిగిన ఆరోగ్య శిబిరంలో ఏవో ప్యాకేజీలుంటే ఫుడ్ ఇంటాలరెన్స్ పరీక్ష చేయించుకున్నాను. పాలు, గోధుమ, కందిపప్పు, వేరుశనగ, చింతపండు అన్నీ ఎర్రరంగులో వచ్చాయి, మానేయమన్నారు. నాకు అప్పుడప్పుడూ కడుపు ఉబ్బరం తప్ప ఏ ఇబ్బందీ లేదు. ఇక ఏం తినాలి? (వైట్‌ఫీల్డ్)

జవాబు: ఇన్నాళ్లూ తిన్నవే తినండి. మీరు పంపిన నివేదికలో కొలిచినది ఐజీజీ రకం ప్రతిదేహాలను, అంటే పరాయి పదార్థాలను గుర్తుపట్టడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీనులను. తరచుగా తినే పదార్థాలకు ఐజీజీ ఉండటం ఆరోగ్యవంతులలో సర్వసాధారణం. అందులోని ఐజీజీ-4 ఓర్పు కుదిరినవారిలో పెరగడం కూడా తెలిసిన సంగతే. మీ జాబితాను ఇంకోసారి చూడండి. అది మీ ఇంటి వంటగది జాబితాలా లేదూ? తిండి అలర్జీని తేల్చడానికి ఈ ఐజీజీ-4 పరీక్షలు పనికిరావని యూరప్ అలర్జీ వైద్యుల అకాడమీ 2008లోనే స్పష్టంగా చెప్పింది. అయినా ప్యాకేజీలలో అమ్ముడుపోతూనే ఉన్నాయి. రంగుల పట్టికలో వచ్చినదానిని జనం నమ్ముతారని అమ్మేవారికి తెలుసు.

వెంటనే వచ్చే అలర్జీకి కారణమయ్యేది ఐజీఈ అనే మరో రకం. దానిని కొలిచినా కూడా అంకెను చూసి తిండి మానేయకూడదు. మన కర్ణాటకలోనే పెద్దల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. తిన్నప్పుడు లక్షణాలు కూడా ఉండి, అలర్జీ కావచ్చని తేలినవారు 1.2 శాతమే. తక్కినవారిలో ఎక్కువమంది ఆ తిండిని హాయిగా తింటున్నవారే. అందుకే తిన్న ఎంతసేపటికి ఏమైంది, మళ్లీ తిన్నప్పుడు మళ్లీ అయిందా అన్న వివరాలు లేకుండా పరీక్షకు రాయడం నాకు సమ్మతం కాదు.

అనవసరంగా మానేయడం నిరపాయకరం కూడా కాదు. ఎగ్జిమా ఉన్న కొందరు పిల్లలకు, అప్పటిదాకా బాగానే తాగుతున్న పాలను పరీక్ష చూసి మాన్పించి, కొంతకాలానికి తిరిగి ఇచ్చినప్పుడు నిజమైన తీవ్ర అలర్జీ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. మీ ఉబ్బరానికి కారణం వేరే వెతకాలి. కింది జవాబు ఒకసారి చూడండి.

ప్రశ్న: పాలు తాగితే గ్యాసు, విరేచనాలు. పెరుగు మాత్రం పడుతుంది. ఇది పాల అలర్జీయేనా? (కె.ఆర్.పురం)

జవాబు: కాదు. పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైము పెద్దయ్యాక తగ్గిపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. రోగనిరోధక వ్యవస్థకు ఇందులో పాత్ర లేదు. పెరుగు తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత తినేస్తాయి కనుక పడుతోంది. ప్రాణభయం లేదు, మీకు పడినంత తాగండి.

ప్రశ్న: మా పక్క ఫ్లాటులోని ఢిల్లీ వారి బాబు గోధుమ తింటే ఎదగడం లేదని పూర్తిగా మాన్పించారు. మా అబ్బాయి కూడా సన్నగా ఉంటాడు. మేమూ చపాతీలు మానేసి చూడవచ్చా? (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

జవాబు: ఆ బాబుకున్నది సీలియాక్ వ్యాధి అయి ఉండవచ్చు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీను విషయంలో పేగు ఓర్పు తప్పి, ఆ కోపాన్ని తన పూత మీదే చూపించుకుంటుంది. ఫలితంగా పోషకాలను పీల్చుకునే నూగు లాంటి మడతలు అరిగిపోతాయి. ఇది ఐజీఈ అలర్జీ కాదు, తిన్న వెంటనే దద్దుర్లు లేవవు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు రకాలు లేనివారికి ఇది దాదాపుగా రాదు. అవి ఉన్నవారిలో కూడా ఎక్కువమందికి రాదు. 2016లో ప్రచురితమైన అధ్యయనంలో ఉత్తర భారతంలో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికి ఈ వ్యాధి కనిపించింది. కాబట్టి సన్నగా ఉన్నంత మాత్రాన మీ అబ్బాయిని అనుమానించనక్కరలేదు. ఎదుగుదల చార్టులో వెనుకబడుతున్నా, రక్తహీనత తగ్గకపోయినా రక్తపరీక్ష చేయించవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: ఆ పరీక్ష గోధుమ తింటుండగానే చేయించాలి. ముందే మానేస్తే ప్రతిదేహాలు తగ్గిపోయి, వ్యాధి ఉన్నా లేనట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: మాది కాకినాడ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రొయ్యలు తింటున్నాను. ఈమధ్య రొయ్యల వేపుడు తిన్న పావుగంటలో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక తగ్గింది. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెలా వచ్చింది? చేపలు కూడా మానేయాలా? (బనశంకరి)

జవాబు: పేగు నేర్చిన ఓర్పు జన్మహక్కు కాదు. పాలు, గుడ్డు అలర్జీలు సాధారణంగా పసితనంలో వచ్చి చాలామందికి పెద్దయ్యేసరికి తగ్గుతాయి. రొయ్యలు, పీతల అలర్జీ పెద్దవయసులో మొదలవడం మామూలే, ఒకసారి వచ్చాక తగ్గడం అరుదు. అందులో ముఖ్య దోషి ట్రోపోమయోసిన్ అనే కండరపు ప్రోటీను. అది ఎంత వండినా చెడదు. ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులలోనూ, బొద్దింకలలోనూ దాదాపు ఇలాంటి ప్రోటీనే ఉంటుంది. ఊపిరితో లోపలికి పోయిన దుమ్ము వల్ల తయారైన ఐజీఈ, రొయ్యను చూసి అదేననుకుని మీద పడటం కొందరిలో జరుగుతుంది. మీకు పొద్దున్నే వరుస తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. తిన్న వెంటనే వ్యాయామం, మద్యం, కొన్ని రకాల నొప్పి మాత్రలు కూడా ప్రతిచర్యను పెంచుతాయి కనుక ఆ రోజు అవేమైనా ఉన్నాయేమో గుర్తుచేసుకోండి.

గొంతు బిగుసుకుంది కనుక దీనిని అనాఫిలాక్సిస్‌గానే పరిగణించాలి. మళ్లీ జరిగితే మొదట పడవలసినది తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్. దురద మాత్ర వేసుకుని చూద్దామని కూర్చోకూడదు. ఇంట్లో ఏది ఉంచుకోవాలో, ఎలా వాడాలో అలర్జీ నిపుణుడి దగ్గర నేర్చుకుని ఇంట్లోవారికి కూడా నేర్పండి. కొద్దికొద్దిగా తిని అలవాటు చేసుకుంటానని సొంత ప్రయోగాలకు దిగవద్దు. పల్లీ అలర్జీకి అలాంటి చికిత్స 2020లో అమెరికాలో ఆమోదం పొందిన మాట నిజమే. కానీ అది నిపుణుల ఎదుట లెక్కప్రకారం జరిగేది, దాని వల్ల కూడా చాలామందికి వచ్చేది మోతాదు ఆపితే పోయే రక్షణే తప్ప స్థిరమైన ఓర్పు కాదు.

రొయ్యలతో పాటు పీతలూ మానేయండి. చేపలో అలర్జీకి ప్రధాన కారణం పార్వాల్బుమిన్ అనే వేరే ప్రోటీను కనుక ఇప్పటిదాకా పడుతున్న చేపను మానేయనక్కరలేదు. ఇంట్లో చేపల పులుసు నిశ్చింతగా తినండి. హోటల్లో చేప వేపుడు చెప్పే ముందు మాత్రం, అదే మూకుడులో అదే నూనెతో రొయ్యలు కూడా వేయిస్తున్నారేమో వంటవాణ్ణి అడగండి.